కార్లు మాట్లాడుకునే ఊళ్ల మీదుగా

స్టుట్‌గార్ట్ పెద్ద స్టేషన్లో మెట్లు దిగి, నేల కిందున్న ప్లాట్‌ఫారం మీద ఎస్6 రైలెక్కితే ఆఖరి స్టేషన్ వైల్ డెర్ స్టాట్. పొద్దున పూట ఆఫీసులకు వెళ్లేవాళ్లతో బండి నిండిపోతుంది. ఫోయర్‌బాఖ్, నోయ్‌విర్ట్స్‌హౌస్, వైలిమ్‌డోర్ఫ్, లియోన్‌బెర్గ్ అని స్టేషన్లు ఒక్కొక్కటే వస్తాయి. తోటి ప్రయాణికులకు అవి రోజూ ఎక్కి దిగే చోట్లే. నాకు మాత్రం కార్ల లోపలి నెట్‌వర్కులు ఎలా పుట్టాయో, వాటి మాటలు వినే పనిముట్లు ఎక్కడ తయారయ్యాయో ఈ ఒక్క దారిలోనే చాలావరకు కనిపించింది.

నేను కాకినాడలో పాలిటెక్నిక్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతాను. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ వాహన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లే మా విద్యార్థులను ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది ఆ నెట్‌వర్కుల్లో ఒకటైన క్యాన్ బస్ గురించే. నిర్వచనం గడగడా అప్పజెబుతారు. ఒక్క సందేశాన్నయినా కళ్లతో చూశారా అంటే, చూసే వీలు మేమే కల్పించలేదు. మా ల్యాబ్‌లో కారు లేదు, ఖరీదైన పరికరాలూ లేవు. లియోన్‌బెర్గ్‌లో కారు విడిభాగాల కంపెనీలో పనిచేసే మా పిన్ని కొడుకు ఈ మాట విని, "కారు లేకపోయినా నేర్పొచ్చు అక్కా, ఒకసారి రా, చూపిస్తాను" అన్నాడు. ఈ ప్రయాణం అలా కుదిరింది.

ఫోయర్‌బాఖ్ స్టేషన్ పక్కనే బాష్ కంపెనీ ఫ్యాక్టరీ. రాబర్ట్ బాష్ స్టుట్‌గార్ట్‌లో తన చిన్న వర్క్‌షాపు తెరిచింది 1886లో. కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టిందీ ఆ ఏడాదే. సరిగ్గా వందేళ్లకు, 1986 ఫిబ్రవరిలో, బాష్ ఇంజనీర్లు అమెరికాలోని డెట్రాయిట్‌లో వాహన ఇంజనీర్ల మహాసభలో ఒక కొత్త పద్ధతిని వివరించారు. 1983లో మొదలుపెట్టిన పని అది. ఊవే కీంకె, జీగ్‌ఫ్రీడ్ డైస్, మార్టిన్ లిట్‌షెల్ దాని వెనకున్న ముఖ్యులు. దాని పేరే కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా క్యాన్. 1990ల మొదట్లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ కార్లలోకి వచ్చింది, 1993లో ఐఎస్ఓ 11898 ప్రమాణమైంది.

తీగల బరువు తగ్గించడానికే దీన్ని కనిపెట్టారని మేము క్లాసులో చెబుతూ ఉంటాం. తీగలు తగ్గిన మాట నిజమే, కానీ అది వెంట వచ్చిన లాభం. అసలు అవసరం వేరు. ఇంజనుకు ఒక కంప్యూటరు, బ్రేకులకు ఒకటి, గేర్లకు ఒకటి వచ్చాక, ఒకదానికి తెలిసింది మరొకదానికి వెంటనే తెలియాలి. చక్రం జారుతోందని బ్రేకుల కంప్యూటరు కనిపెడితే ఇంజన్ ఆ క్షణమే బలం తగ్గించాలి. ఈ చిన్న కంప్యూటర్లనే ఈసీయూలంటారు. వీటన్నిటినీ మెలివేసిన రెండు తీగల మీద కలిపారు. తీగలు ఊరికే ఉన్నప్పుడు రెండింటి మీదా సుమారు 2.5 వోల్టులు ఉంటాయి. సున్నా పంపాలంటే ఒకటి 3.5కు ఎక్కుతుంది, రెండోది 1.5కు దిగుతుంది. బయటి నుంచి వచ్చే విద్యుత్ గోల రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది కాబట్టి, వాటి మధ్య తేడాను మాత్రమే చూసే ఈసీయూకు ఆ గోల అంటదు.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎవరు ముందు మాట్లాడాలో తేల్చుకునే తీరు. పైన కూర్చుని అనుమతులిచ్చే అధికారి ఎవరూ లేరు. ప్రతి సందేశం తన ఐడీతో మొదలవుతుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఒక్కో బిట్టూ పంపుతూనే తీగ మీద ఏముందో కూడా వింటారు. సున్నా ఎప్పుడూ ఒకటిని కప్పేస్తుంది. తాను ఒకటి పంపితే తీగ మీద సున్నా వినిపించినవాడు అక్కడే ఆగిపోతాడు. రచ్చబండ దగ్గర ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచినప్పుడు పెద్దాయన గొంతు వినపడగానే చిన్నవాడు తగ్గినట్టన్నమాట. చిన్న ఐడీ ఉన్న సందేశం ఒక్క బిట్టు కూడా చెడకుండా సాగిపోతుంది. తగ్గినవాడు తీగ ఖాళీ కాగానే మళ్లీ ప్రయత్నిస్తాడు. అందుకే ప్రాణాల మీదికొచ్చే విషయాలకు చిన్న అంకెలు, అద్దాలు దించడం లాంటివాటికి పెద్ద అంకెలు ఇస్తారు.

నోయ్‌విర్ట్స్‌హౌస్‌లో దిగితే ఎదురుగానే పోర్షె మ్యూజియం. 2009లో తెరిచిన ఆ తెల్లటి భవనం మూడంటే మూడు కాళ్ల మీద గాలిలో నిలబడ్డట్టుంటుంది. లోపల అందరూ రేసు కార్ల చుట్టూ మూగితే నేను పాత 356 మోడల్ డాష్‌బోర్డు దగ్గర చాలాసేపు ఉండిపోయాను. ఆ కాలపు కార్లలో స్పీడో మీటరు ముల్లును కదిలించేది గుండ్రంగా తిరిగే ఒక కేబుల్. చక్రాలు తిరిగితే కేబుల్ తిరుగుతుంది, కేబుల్ తిరిగితే ముల్లు లేస్తుంది. పాడైతే మెకానిక్ చేత్తో తడిమి చూసి చెప్పేవాడు. ఇప్పటి కారులో ఆ వేగం తీగ మీద వచ్చే ఒక అంకె. చేత్తో తడమడానికి ఏమీ లేదు. అందుకని ఆ అంకెను పట్టి చూపించే పనిముట్టు కావాల్సి వచ్చింది.

ఆ పనిముట్ల ఊరు వైలిమ్‌డోర్ఫ్, అక్కడికి రెండే స్టేషన్లు. వెక్టార్ ఇన్ఫర్మాటిక్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఇక్కడే. 1988లో దాన్ని స్థాపించిన ముగ్గురిలో మార్టిన్ లిట్‌షెల్ ఒకరు, క్యాన్ కనిపెట్టినవాళ్లలో ఉన్న ఆ లిట్‌షెలే. భాషను పుట్టించడంతో పని అయిపోలేదు, దాన్ని వినే సాధనం కూడా కావాలని ఆయనకు అంత తొందరగా తోచడం నన్ను ఆలోచనలో పడేసింది. ఆ కంపెనీ క్యానలైజర్ 1992లో వచ్చింది, క్యానో 1996లో. మా వాళ్లు రెజ్యూమేల్లో రాసుకునే పేర్లివే. రెండింటి తేడా అడిగితే మాత్రం తడబడతారు.

ఆ భవనాల ముందు నడుస్తూ తమ్ముడు చెప్పింది తేలిగ్గా మనసుకెక్కింది. క్యానలైజర్ ముఖ్యంగా వినడానికి. ఏ సందేశం ఎప్పుడు వచ్చింది, ఎంత విరామంతో వస్తోంది, లోపల ఏముంది అని వరుసగా చూపిస్తుంది. క్యానో దానికి తోడు లేని ఈసీయూలను ఉన్నట్టుగా నడిపిస్తుంది. తమ్ముడి బృందం బ్రేకుల ఈసీయూ ఒక్కదాన్నే తయారుచేస్తుందనుకుందాం. బల్ల మీద దాన్ని ఒంటరిగా పెట్టి కరెంటిస్తే, ఇంజన్ నుంచి సందేశాలు రావడం లేదని, గేరు బాక్సు జాడ లేదని వరసగా తప్పులు నమోదు చేసుకుంటుంది. అందుకని మిగతా కారంతా చెప్పాల్సిన మాటలను కంప్యూటరే చెబుతుంది. పరిశ్రమలో దీన్ని రెస్ట్‌బస్ సిమ్యులేషన్ అంటారు. అప్పుడు ఆ ఈసీయూ తాను నిజం కారులోనే ఉన్నాననుకుని పనిచేస్తుంది. కారు ఇంకా కాగితం మీదున్నప్పుడే దాని భాగాలను పరీక్షించగలగడం ఇందువల్లే.

"మరి మా పిల్లలకు ఇంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఎవరు కొనిస్తారు?" అన్నాను.

"మొదలుపెట్టడానికి కొనక్కర్లేదక్కా. ఇంటికి పద."

లియోన్‌బెర్గ్‌లో వాళ్ల వంటింటి బల్ల మీద పాత ల్యాప్‌టాప్ ఒకటి, లైనక్స్ వేసినది. ఫోక్స్‌వాగన్ పరిశోధన విభాగం రాసిన సాకెట్‌క్యాన్ 2008 నుంచి లైనక్స్‌లో భాగమైంది. పైసా ఖర్చు లేదు. దాంట్లోనే తీగలూ పెట్టెలూ లేకుండా కంప్యూటరు లోపల ఊహా నెట్‌వర్కు ఒకటి తయారుచేసుకోవచ్చు. పేరు వీక్యాన్. దాని మీద ఐసీసిమ్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపించాడు. తెర మీద స్పీడో మీటరు, ఎడమ కుడి సిగ్నల్ బాణాలు, నాలుగు తలుపులున్న కారు బొమ్మ వచ్చాయి. పక్కన ఇంకో కిటికీలో యాక్సిలరేటరు, సిగ్నళ్లు నొక్కే మీటలు. వెనకాల రికార్డు చేసి ఉంచిన వేరే సందేశాలు కూడా నడుస్తుంటాయి కాబట్టి నెట్‌వర్కు నిజం కారులో లాగే సందడిగా ఉంటుంది.

క్యాన్‌డంప్ అన్న ఆదేశం ఇవ్వగానే తెర మీద అంకెలు జలజలా పారాయి. కన్ను పట్టుకోలేనంత వేగం. కొత్తవాళ్లు భయపడి వెనక్కి తగ్గేది ఇక్కడే. తమ్ముడు దాన్ని ఆపేసి క్యాన్‌స్నిఫర్ తెరిచాడు. ఇది ప్రతి ఐడీకి ఒకే వరుస ఇచ్చి, మారిన అంకెలను మాత్రం వేరే రంగులో చూపిస్తుంది. "ఇప్పుడు ఎడమ సిగ్నల్ వెయ్యి, తీసెయ్యి, మళ్లీ వెయ్యి. కళ్లు మాత్రం తెర మీదే ఉంచు" అన్నాడు. మిగతా వరుసలు వాటి పాటికవి మారుతున్నాయి. 188 అన్న వరుసలో మొదటి అంకె మాత్రం నా వేలితో పాటే 00 నుంచి 01కి మారి మళ్లీ 00కి వస్తోంది. కుడి నొక్కితే 02. దొరికింది! యాక్సిలరేటరు నొక్కి పట్టుకుంటే 244 వరుస పెరుగుతూ పోయింది. క్యాన్‌సెండ్‌తో 188 ఐడీ మీద 01 నేనే పంపాను. మీట నొక్కకుండానే ఎడమ బాణం వెలిగింది. వినడం నుంచి మాట్లాడటం దాకా పూర్తి పాఠం, ఖర్చు లేకుండా, ఎవరికీ ప్రమాదం లేకుండా అయిపోయింది.

అలా కళ్లకు చిక్కని సందేశాలకు ఇంకో దారి చూపించాడు. తలుపు తాళం తీస్తూ అంతా రికార్డు చేయాలి. ఆ రికార్డును క్యాన్‌ప్లేయర్‌తో తిరిగి నడిపిస్తే తలుపు బొమ్మలో తాళం మళ్లీ తెరుచుకుంటుంది. రికార్డును రెండు ముక్కలు చేసి ఒక్కో ముక్కా నడిపించాలి. తాళం ఏ ముక్కతో తెరుచుకుంటే దాన్ని మళ్లీ రెండు చేయాలి. వేల వరుసలున్న రికార్డు అయినా కాసేపట్లో ఒక్క వరుసకు దిగుతుంది. ఓపికా, నోటుబుక్కూ ఉంటే చాలు.

ఆ తర్వాత నిజం తీగలు. ఎంసీపీ2515 చిప్పున్న రెండు చవక బోర్డులు, మెలివేసిన రెండు తీగలు. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి, లేకపోతే సంకేతం చివరికి వెళ్లి తిరిగొచ్చి తనను తానే చెడగొట్టుకుంటుంది. కరెంటు తీసేసి రెండు తీగల మధ్య మల్టీమీటరు పెడితే సుమారు 60 రావాలి. 120 వచ్చిందంటే ఒక చివర రెసిస్టరు లేదన్నమాట. ఇంకో చిక్కు కొత్తవాళ్లను గంటల తరబడి ఏడిపిస్తుంది. క్యాన్‌లో సందేశం సరిగ్గా అందుకున్నవాళ్లు చివర్లో ఒక్క బిట్టుతో అందిందని చెప్పాలి. ఒక్క బోర్డే ఉంటే ఆ బిట్టు రాదు, అది అదే సందేశాన్ని పంపుతూనే ఉంటుంది. రెండో బోర్డును కేవలం వినే పద్ధతిలో పెట్టినా ఇదే గతి, ఎందుకంటే ఆ పద్ధతిలో అది ఆ ఒక్క బిట్టు కూడా పలకదు. పిల్లలు తీగ చెడిందనుకుని బోర్డులు మారుస్తారు. చెడిందేమీ ఉండదు, జవాబిచ్చేవాళ్లు లేరంతే.

లియోన్‌బెర్గ్ నుంచి వైల్ డెర్ స్టాట్‌కు రైలు వదిలేసి తమ్ముడి సొంత కారులో బయల్దేరాం. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, ఓబీడీ అంటారు. అందులో 6, 14 పిన్నులే క్యాన్ తీగలు. మన దేశంలో బీఎస్6 కార్లలోనూ ఈ సాకెట్ ఉంది. అడాప్టరు తగిలించి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను. ముందు వినే పద్ధతిలో పెట్టాం. తెర మీద ఒక్క అంకె కూడా లేదు. కొత్త కార్లలో ఈ సాకెట్‌కు, లోపలి నెట్‌వర్కులకు మధ్య గేట్‌వే అనే ఈసీయూ కాపలా ఉంటుంది. అడిగితేనే చెబుతుంది, అదీ అనుమతి ఉన్నంతవరకే.

అడగడానికి ప్రమాణం ప్రకారం ఒక పద్ధతి ఉంది. 7డిఎఫ్ అనే ఐడీ మీద 02 01 05 పంపాను. తర్వాత రెండు బైట్లున్నాయి, ప్రస్తుత విలువ కావాలి, 05వ అంశం, అంటే ఇంజను చల్లబరిచే నీటి వేడి అని దాని అర్థం. వెంటనే 7ఇ8 నుంచి 03 41 05 46 అని వచ్చింది. ఇవి పదహారు ఆధారంగా రాసే అంకెలు కాబట్టి 46 అంటే మన లెక్కలో 70. అందులోంచి 40 తీసేయాలి, 30 డిగ్రీలు. ఈ బైటును సున్నా నుంచి పైకి మాత్రమే లెక్కిస్తారు కాబట్టి గడ్డకట్టే చలిని కూడా చెప్పగలిగేలా లెక్కను మైనస్ 40 నుంచి మొదలుపెట్టారు. ఊరు దాటేలోపు ఆఖరి అంకె 50 అయింది, ఇంకాసేపటికి 64. అంటే 60 డిగ్రీలు.

రోడ్డు మీద తమ్ముడు వేగం పెంచాడు. ఈసారి వేగాన్ని అడిగాను. జవాబులో మళ్లీ అదే 64! ఇక్కడ తీసేసేది ఏమీ లేదు, గంటకు 100 కిలోమీటర్లు. అదే బైటు, ఒకచోట వేడి, ఒకచోట వేగం. అంకెకు దానంతట దానికి అర్థం లేదని ఎన్నిసార్లు బోర్డు మీద రాసినా ఇంత స్పష్టంగా నాకే ఎప్పుడూ తెలియలేదు. ఏ ఐడీలో ఏ బిట్టు నుంచి ఏ బిట్టు దాకా ఏ విలువ ఉంది, దేనితో గుణించాలి, ఎంత కలపాలి అని చెప్పే నిఘంటువు ఉండాలి. పరిశ్రమలో ఆ పని డీబీసీ ఫైలుది. కార్ల కంపెనీలు దాన్ని బయటపెట్టవు. అందుకే వినడం, పోల్చడం ఇంత ముఖ్యమైన విద్య.

ఇంకొకటి గమనించాను. తెర మీద 100 ఉంటే డాష్‌బోర్డు ముల్లు అంతకన్నా కాస్త పైన ఉంది. "ఏది తప్పు?" అన్నాను. "రెండూ ఒప్పే. ముల్లు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదని నిబంధన. అందుకే కావాలనే కొంచెం ఎక్కువ చూపిస్తారు" అన్నాడు. తర్వాత తనే గట్టిగా చెప్పాడు: "ఈ ప్రశ్నలు తప్ప నడిచే కారులోకి ఇంకేమీ పంపొద్దని మీ పిల్లలకు చెప్పక్కా." క్యాన్ సందేశంలో పంపినవాడి సంతకం ఉండదు. ఎవరు పంపినా ఐడీ సరిపోతే ఈసీయూ నమ్మేస్తుంది. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక జీప్ చెరోకీని దూరం నుంచే అదుపులోకి తీసుకుని చూపించాక, ఆ కంపెనీ అమెరికాలో 14 లక్షల వాహనాలకు మరమ్మతు ప్రకటించాల్సి వచ్చింది. వంటింటి బల్ల మీద వెలిగించిన బాణం ఆట. రోడ్డు మీద అదే పని మనుషుల ప్రాణాలతో ముడిపడింది.

వైల్ డెర్ స్టాట్ రాతి గోడల చిన్న ఊరు. 1571లో యోహానెస్ కెప్లర్ పుట్టింది ఇక్కడే. సంత చౌకు మధ్యలో ఆయన విగ్రహం, 1870లో పెట్టింది. ఆ పీఠం గూళ్లలో ఆయనకు దారి చూపినవాళ్ల ప్రతిమలున్నాయి, వాళ్లలో టైకో బ్రాహే ఒకరు. పక్కనే చిన్న ఇంట్లో కెప్లర్ మ్యూజియం. కార్ల కోసం వచ్చి ఇక్కడికెందుకని అనుకోవచ్చు. కానీ నేను నేర్చుకున్నదంతా ఒక్క తాటి మీదికి వచ్చింది ఇక్కడే.

టైకో బ్రాహే దూరదర్శిని లేని రోజుల్లో ఏళ్ల తరబడి ఆకాశాన్ని చూసి, గ్రహాల స్థానాలను రాసి పెట్టాడు. ఆయన పోయాక ఆ రికార్డులు కెప్లర్ చేతికొచ్చాయి. కెప్లర్ అంగారకుడి దారిని వృత్తంగా ఊహించి లెక్క కట్టాడు. ఆ ఊహకూ టైకో రాసినదానికీ 8 ఆర్క్ నిమిషాల తేడా వచ్చింది. నిండు చంద్రుడి వెడల్పులో సుమారు నాలుగో వంతు. చూసినవాడి పొరపాటని తోసేసినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. కెప్లర్ తోసేయలేదు. టైకో అంత తప్పు చేయడని నమ్మి తన లెక్కనే పక్కన పెట్టాడు. 1609లో ఆ గ్రహం దారి దీర్ఘవృత్తమని ప్రకటించాడు.

మా విద్య కూడా ఇదే వరుసలో నడవాలి. ముందు నోరు మెదపకుండా విని రాసిపెట్టుకోవాలి. విన్నదాన్ని బట్టి నమూనా కట్టాలి. నమూనా పలికేదాన్ని నిజం కారు పలికేదాని పక్కన పెట్టి చూడాలి. తేడా వస్తే అక్కడ ఆగాలి. ముల్లుకూ అంకెకూ ఉన్న తేడా వెనక ఒక నిబంధన ఉంది. 60కి బదులు 120 ఓమ్‌లు కనిపించడం వెనక లేని రెసిస్టరు ఉంది. ఎడతెగకుండా పునరావృతమయ్యే సందేశం వెనక పలకని శ్రోత ఉంది. కారణం లేని తేడా ఉండదు. కొత్తవాళ్లు మాత్రం తేడా కనబడగానే సిమ్యులేషన్‌లో అంకె దిద్ది సరిపెట్టేస్తారు, ఎందుకంటే సరైన జవాబుకే మార్కులని మేమే అలవాటు చేశాం.

క్యాన్ ఇప్పుడు ఒంటరి కాదు. 2012లో వచ్చిన క్యాన్ ఎఫ్‌డీ ఒక సందేశంలో 8 బైట్లకు బదులు 64 మోస్తుంది, కెమెరాలకూ పెద్ద తెరలకూ ఈథర్నెట్ వచ్చింది. పనిముట్లు మారతాయి, ఈ వరుస మారదు. అందుకే వచ్చే సెమిస్టరుకు మా ల్యాబ్ పట్టిక మార్చి రాశాను. పాత కంప్యూటర్లలో లైనక్స్, ఐసీసిమ్, బెంచీకి రెండు బోర్డులు, ఒక మల్టీమీటరు. మొదటి వారాల్లో ఎవరూ బస్ మీదికి ఒక్క సందేశమూ పంపరు, విని రాస్తారు. ఆ తర్వాతే సిమ్యులేషన్. జవాబు కలవని చోట దాచకుండా, ఎంత తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందని తాము అనుకుంటున్నారో నోటుబుక్కులో రాసినవాళ్లకు ఆ పేజీకే ఎక్కువ మార్కులు.